మొక్క నాటే ముందు మోడును చూడండి: వెలిగొండ బోడికొండల మీద అడవి తిరిగి రావాలంటే

ఉదయగిరి పక్క, వెలిగొండ కింద ఉన్న ఒక ఊరి కుర్రవాళ్ళు అడిగిన ప్రశ్న ఇది. "ఉష్ణమండల అడవుల నరికివేత అనగానే అందరూ అమెజాన్ గురించే చెబుతారు. మా కొండా కళ్ళముందే బోడిగా మారింది. ఇదీ అదేనా? ఎందుకిలా అయింది? ఈ జూలైలో విత్తన బంతులు విసిరి, వెయ్యి మొక్కలు నాటాలనుకుంటున్నాం. ఏ మొక్కలు మంచివి?"

ముందే చెబుతున్నాను: జూలైలో నాటకండి. మట్టి ముద్దలో గింజ పెట్టి విసిరే ఆ విత్తన బంతుల ఆలోచన మానుకోండి. వెయ్యి మొక్కల లెక్క కూడా పక్కన పెట్టి, ముందు కొండెక్కి బతికున్న మోళ్ళెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఎందుకో తెలియాలంటే మీ కొండ ఎలా బోడయిందో చూడాలి.

మన కొండలూ ఉష్ణమండలపు అడవులే. కాకపోతే వర్షారణ్యం కాదు, ఎండాకాలంలో ఆకు రాల్చే పొడి అడవి. ఈ రెండూ పోయే తీరు వేరు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం 1990 నుంచి 2020 దాకా ప్రపంచంలో 42 కోట్ల హెక్టార్ల అడవి పోయింది. ఎక్కువభాగం ఉష్ణమండలంలోనే. 2000 నుంచి 2018 దాకా పోయినదాంట్లో దాదాపు 90 శాతానికి కారణం సేద్యం, పశువుల మేత. అమెజాన్‌లో చెట్లు కొట్టి, ఎండబెట్టి, కాల్చి గడ్డి బీళ్ళు చేస్తారు. ఇండోనేషియా, మలేషియాల్లో పామాయిల్ తోటలు వేశారు. ఆ నూనెను ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే. మన కృష్ణపట్నం రేవు పక్కన ఉన్న నూనె శుద్ధి కర్మాగారాలకు అది ఓడల్లో వస్తుంది. కాబట్టి అక్కడి అడవికి, నెల్లూరు బజ్జీల బండి మీది మూకుడుకు సంబంధం లేదనుకోకండి.

అలాంటి నరికివేత ఉపగ్రహానికి స్పష్టంగా దొరుకుతుంది. నిన్న పచ్చగా ఉన్నది ఇవాళ ఎర్రమట్టిగా కనిపిస్తుంది. అందుకే దాన్ని ఆపడమూ సాధ్యమైంది. బ్రెజిల్ తన అమెజాన్‌లో 2004లో ఒక్క ఏడాదిలోనే 27,772 చదరపు కిలోమీటర్లు పోగొట్టుకుంది. ఆ ఏడాది నుంచే ఉపగ్రహ హెచ్చరికలతో తనిఖీలు మొదలుపెట్టింది. 2006లో వ్యాపారులు కొత్తగా నరికిన నేలలో పండిన సోయా కొనబోమని ఒప్పందం చేసుకున్నారు. 2008 నుంచి అక్రమంగా నరికిన భూములకు బ్యాంకు అప్పు కట్టడి చేశారు. 2012కల్లా ఆ అంకె 4,571కి దిగింది. పట్టు సడలించగానే 2021లో మళ్ళీ 13 వేలు దాటింది. మళ్ళీ బిగించాక 2024లో 6,288కి వచ్చింది. డబ్బు అందే దారి మూసి, నిఘా పెట్టి, చట్టం నడిపిస్తే కొద్ది ఏళ్ళలోనే ఫలితం ఉంటుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన పొడి అడవిది ఇంకో కథ. దాన్ని ఒక్కరోజులో ఎవరూ నరకలేదు. చిరుమాను, బిల్లుడు, తుమికి, సండ్ర, ఎర్రచందనం, బిక్కి ఇవన్నీ నరికినా చావని చెట్లు. మొదలు నుంచి మళ్ళీ పిలకలు వేస్తాయి. ఆ పిలకల్ని మేక కొరుకుతుంది. మిగిలినవాటిని ఎండాకాలం నిప్పు కాలుస్తుంది. వానకు మళ్ళీ పుడతాయి. చేతికర్రంత లావు కాగానే కట్టెలవాళ్ళు కొడతారు. ఇలా పది, ఇరవై సార్లు జరిగితే వేరులో దాచుకున్న బలం తరిగిపోతుంది. బయటికి చూస్తే కొండంతా మోకాలెత్తు తుప్పలే కనిపిస్తాయి, కానీ ఆ తుప్పలో సగం నిజానికి ముప్పై, నలభై ఏళ్ళ చెట్టు కావచ్చు. దగ్గర కూర్చుని చూడండి. నేలకు ఆనుకుని పిడికిలంత లావు గడ్డ ఉంటుంది, దాని చుట్టూ పెన్సిలంత పిలకలు పదో పన్నెండో ఉంటాయి, ప్రతి కొసా కొరికేసి ఉంటుంది. గడ్డ మీది బెరడును గోటితో గీకితే లోపల పచ్చగా, తడిగా ఉంటే వేరు బతికున్నట్టే. గోధుమరంగులో పొడిగా రాలితే చచ్చినట్టు.

ఈ పచ్చ గీత ఉన్న ప్రతి మోడూ, మీరు నర్సరీ నుంచి తెచ్చే మొక్కకంటే ఎంతో విలువైనది. దాని వేరు రాళ్ళ సందుల్లోంచి ఎప్పుడో లోతుకు దిగింది. దానికి నీళ్ళు పోయక్కర్లేదు. మేకను, నిప్పును, గొడ్డలిని దూరంగా ఉంచితే త్వరగా లేస్తుంది. సంచిలోంచి తీసిన మొక్క దాన్ని అందుకోవడానికి ఏళ్ళు పడుతుంది, అదీ బతికితే.

కొండను ఇలా చేసిందెవరు? ఒక్కరి పేరు చెప్పలేం. ప్రకాశం, నెల్లూరు మెట్ట ప్రాంతాల్లో పొగాకు బ్యారన్లది, అంటే కట్టె మంటతో ఆకును ఆరబెట్టే గదులది, పెద్ద వాటా. కిలో ఆకు క్యూరింగ్‌కు, అంటే అలా ఆరబెట్టడానికి, సుమారు నాలుగైదు కిలోల కట్టె కావాలి. ఒక బ్యారన్‌లో 35 క్వింటాళ్ళ ఆకు తీస్తే దాదాపు 16 టన్నుల కట్టె మండుతుంది. కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు, కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాల కింద ఎన్ని బ్యారన్లున్నాయో మీకు తెలుసు, గుణించి చూడండి. ఇప్పుడు ఈ కట్టెలో ఎక్కువభాగం సర్కారు తుమ్మ, జామాయిల్, సుబాబుల్ నుంచి వస్తోంది. ప్రకాశం రైతులు సొంత చేలల్లో వేసిన ఆ తోటలు కొండల మీది ఒత్తిడిని నిజంగానే తగ్గించాయి. కానీ అవి రాకముందే కొండ కట్టె చాలావరకు పోయింది. బ్యారన్ ఉన్న ఇంటివాళ్ళు చేయగలిగింది ఇప్పటికీ ఉంది. గొట్టాల పగుళ్ళు పూడ్చాలి, పైకప్పు సందులు మూయాలి, పొయ్యిలో ఇనుప జాలీ వేసి కట్టెకు కింది నుంచి గాలి ఆడనివ్వాలి, ఆర్నెల్లు ఆరిన కట్టే వాడాలి. పచ్చి కట్టె వాడితే దాని వేడిలో కొంత భాగం తన తేమను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది.

బొగ్గుల బట్టీలు, ఇటుక బట్టీలు, హోటళ్ళ పొయ్యిలు తరువాతి వరుస. ఎర్రచందనం దొంగలు వేరే రకం. వాళ్ళు కొండను బోడి చేయరు, ఉన్నవాటిలో మేలైన చెట్టును తీసుకుపోతారు. అంటే విత్తనం ఇచ్చే తల్లిచెట్టు పోతుంది. ప్రపంచంలో ఆ చెట్టు సహజంగా పెరిగేది దాదాపుగా కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం కొండల్లోనే కాబట్టి ఈ నష్టాన్ని పూడ్చగల మరో చోటు లేనట్టే. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చేసే కళాకారుల మీద నింద వేయడం మాత్రం అన్యాయం. వాళ్ళకు కావలసింది నర్ది, దేవదారి, బిక్కి లాంటి చిన్న కర్ర. ఒక కుటుంబం ఏడాదంతా చెక్కే కర్ర ఒక్క బ్యారన్ మింగేదానికి ఏమూలకూ రాదు. పైగా ఆ చెట్లు బతికుంటేనే ఆ పని సాగుతుంది. ఈ ప్రయత్నంలో మొదట కలుపుకోవలసింది వాళ్ళనే.

కొండ బోడయితే కింద ఏమవుతుందో మీరు చూస్తూనే ఉన్నారు. ఆకు రాలి కుళ్ళిన పొర లేని నేల మీద వాన చినుకు సూటిగా తగిలి మట్టిని చిమ్ముతుంది. ఆ సన్నటి మట్టి, నేలలోని రంధ్రాల్ని మూసి పైన చెక్కు కడుతుంది. తరువాత పడిన వాన లోపలికి దిగదు, జారిపోతుంది. వాగు రెండు గంటలు ఉరికి ఎండిపోతుంది. మట్టి చెరువులో చేరి తూము దగ్గర పేరుకుంటుంది. ఊటబావులు జనవరికే అడుగంటుతాయి. బోర్లు లోతుకు పోతాయి. కనిగిరి, ఉదయగిరి మెట్టలో లోతు నీళ్ళలో ఫ్లోరైడ్ బెడద ఎలాంటిదో చెప్పక్కర్లేదు. అది రాతిలో ఉన్న గుణమే, అడవి లేకపోవడం వల్ల పుట్టింది కాదు. కానీ పైపొరల్లో మంచినీరు ఇంకకపోతే ఆ లోతు నీళ్ళే గతి అవుతాయి. కొండ మీద పండ్లు లేక కోతులు, దుంపలు లేక పందులు చేలమీద పడటం కూడా ఈ లెక్కలోదే.

ప్రభుత్వ నివేదికలో మీ మండలంలో పచ్చదనం పెరిగిందని ఉంటే ఆశ్చర్యపోకండి. దేశ అటవీ సర్వేలో హెక్టారుకు మించిన ఏ నేలలోనైనా చెట్ల నీడ 10 శాతం దాటితే అది అటవీ విస్తీర్ణంలోకి వస్తుంది. నేల ఎవరిదన్నది, చెట్టు ఏమిటన్నది చూడరు. జామాయిల్ తోటా, మామిడి తోటా అందులో చేరతాయి. లెక్క తప్పు కాదు, కానీ అది చెబుతున్నది మీ కొండ గురించి కాదు.

ఇక పని.

మొదట ఆ వాలు ఎవరిదో తేల్చుకోండి. రిజర్వు ఫారెస్టు అయితే హద్దు వెంట రాళ్ళ గుట్టలు, వాటి మీద అంకెలు ఉంటాయి. దాని బయటిది కొండ పోరంబోకు కావచ్చు, ఊరి భూముల లెక్క ఉండే అడంగల్‌లో చూస్తే తెలుస్తుంది. రిజర్వు ఫారెస్టులో 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పిలక కోయడం, గుంత తవ్వడం కూడా నేరమే. మంచి ఉద్దేశంతో చేసినా కేసు కేసే. అక్కడ రేంజి అధికారిని కలిసి, వన సంరక్షణ సమితి ఉంటే దాని ద్వారా, లేకుంటే కొత్తది అడిగి పని చేయాలి. ఊళ్ళో యానాది కుటుంబాలు తరతరాలుగా ఆ కొండ మీద ఆధారపడి ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ ద్వారా సామూహిక హక్కు అడగవచ్చు. సామూహిక అటవీ వనరుకు వేయాల్సింది ఫారం 'సి'. ఆ హక్కు వస్తే అడవిని కాపాడే అధికారం కూడా గ్రామసభకు దఖలవుతుంది. పోరంబోకు అయితే పంచాయతీ తీర్మానం, తహసీల్దారు అనుమతి కావాలి.

తరువాత లెక్క. పది మీటర్ల తాడుతో పది మీటర్ల చదరం గీయండి. ఒకేచోట కాకుండా వాలు పైన, నడుమ, కింద, వాగు పక్క, బాట పక్క, ఐదు చోట్ల గీయండి. ప్రతి చదరంలో పచ్చ గీత ఉన్న మోళ్ళు, జానెడు ఎత్తు దాటిన సహజ మొలకలు లెక్కపెట్టండి. ఒక మోడుకు ఎన్ని పిలకలున్నా ఒకటే లెక్క. సగటున చదరానికి ఎనిమిది దాటితే, అంటే హెక్టారుకు 800, ఒక్క మొక్కా నాటనక్కర్లేదు. రెండు నుంచి ఎనిమిది మధ్య వస్తే ఖాళీల్లో మాత్రం నాటాలి. రెండుకు తక్కువైతేనే పూర్తిగా నాటే ఆలోచన. వెలిగొండ తూర్పు వాలుల్లో చాలాచోట్ల మొదటి రకమే తేలుతుందని నా అంచనా. బాగా కోసుకుపోయి రాయి తేలిన చోట్ల అంకె పడిపోతుంది.

అసలు పని మేతను ఆపడం. కొండంతా మూస్తే మేకలవాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోవాలనడం న్యాయమూ కాదు. వాలును మూడు భాగాలు చేసి ఒక భాగాన్ని మూయండి. మేక వెనకకాళ్ళ మీద లేచి ఐదడుగుల పైనున్న ఆకు కూడా అందుకుంటుంది కాబట్టి పిలకలు ఆరేడు అడుగులు దాటేదాకా, అంటే మూడు నుంచి ఐదేళ్ళు ఆ భాగం తెరవకూడదు. నీళ్ళ దారి, దేవుడి దారి మూయకండి, మూస్తే కంచె మొదటి నెలలోనే తెగుతుంది. మూసిన భాగంలో గడ్డి కోసుకుపోవడానికి మేకలవాళ్ళకే మొదటి హక్కు ఇవ్వండి. వాన బాగుంటే గడ్డి మోకాలు దాటి లేస్తుంది, తెరిచి మేపినదానికంటే ఎక్కువ మేత చేతికొస్తుంది. కాపలా మనిషికి జీతం ఎవరిస్తారో ముందే తేల్చుకోండి. ఈ ప్రయత్నాలు విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే: మొదటి ఏడాది ఉత్సాహం ఉంటుంది, రెండో ఏడాది కాపలాకు డబ్బుండదు, మూడో ఏడాది మందలు లోపలుంటాయి.

నిప్పు ఫిబ్రవరి నుంచి మే దాకా. కొత్త గడ్డి కోసం, తునికాకు బాగా చిగురించాలని, తేనె తీసేటప్పుడు, ఆర్పకుండా పడేసిన బీడీ వల్ల అంటుకుంటుంది. జనవరి చివరికల్లా మూసిన భాగం చుట్టూ మూడు మీటర్ల వెడల్పున గడ్డి చెక్కి బాట తీయండి. అక్కడితో ఆగకండి. మార్చిలో ఆకు రాలి ఆ బాట మళ్ళీ నిండుతుంది, అప్పుడు రెండోసారి ఊడవాలి. ఆ రెండో ఊడ్పు మానేసిన బాట ఉన్నా లేనట్టే. దేశ అటవీ సర్వే సంస్థ ఉపగ్రహం పట్టిన మంటల కబురును ఫోనుకు పంపుతుంది, ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు చేసుకోండి. మంట దగ్గర పచ్చి కొమ్మలతో పక్కల నుంచి కొట్టుకుంటూ పోవాలి. వాలుకు పైన, మంటకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. నిప్పు ఎగువకే వేగంగా పరుగెడుతుంది.

రెండో ఏడాది దాటాక, అనుమతి ఉన్నచోట, మోడుకు రెండు మంచి పిలకలు ఉంచి మిగిలినవి తీయవచ్చు. నేలకు దగ్గర నుంచి పుట్టినవాటినే ఉంచాలి. పైనుంచి పుట్టినవి మొదలుకు గట్టిగా అతకవు, గాలికి చీలిపోతాయి. పదునైన కత్తితో, నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా, చెట్టు నిద్రలో ఉన్న జనవరి, ఫిబ్రవరిలో కోయాలి. తీసిన పిలకలు గరిటెలవాళ్ళకు, పందిళ్ళకు పనికొస్తాయి.

కింది వాలులో సర్కారు తుమ్మ, పైన లంటానా అనే కలుపు పొద ఉంటే ఒక్కసారిగా చదును చేయకండి, మట్టి కొట్టుకుపోతుంది. లంటానాను నేలకు మూడంగుళాల లోపల వేరు మొదలు దగ్గర నరికి, పొదను తలకిందులుగా పెట్టి ఎండనివ్వండి. నేలపైన కోస్తే రెట్టింపు పిలకలు వేస్తుంది. పిట్టలు వాలే పెద్ద చెట్ల కింద దాని మొలకలు మళ్ళీ వస్తాయి, రెండేళ్ళపాటు వానల తరువాత వెళ్ళి పీకాలి. సర్కారు తుమ్మకు అడుగు లోతు దాకా మొదలు తవ్వి తీయాల్సిందే.

నీటి పనికి కందకాలు నాలుగు మీటర్ల పొడవు, అరమీటరు వెడల్పు, అరమీటరు లోతు చాలు. ఒక్కోటి వెయ్యి లీటర్లు పడుతుంది. సమమట్టం వెంట తవ్వాలి. సన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి మట్టం చూసుకోండి, కంటిచూపుతో గీస్తే తప్పుతుంది. ఒక కొస దిగితే నీళ్ళన్నీ అటే చేరి గట్టు తెంచి కొత్త వాగు చేస్తాయి. తవ్విన మట్టి కందకానికి దిగువన, జానెడు వదిలి పోయాలి. మోడు ఉన్నచోట కందకం పక్కకు జరపండి, వేరు నరికి నీళ్ళు ఆపడం వల్ల లాభం లేదు. వాగుల్లో రాతికట్టలు పైనుంచి కిందికి కట్టుకుంటూ రండి. నడుమ పల్లంగా, పక్కలు ఎత్తుగా ఉండాలి, రాళ్ళు రెండు గట్లలోకి అడుగైనా చొచ్చుకుపోవాలి. నడుమ ఎత్తుగా కడితే నీళ్ళు పక్కల్ని కోసుకుని కట్టను ఒంటరిగా వదిలేస్తాయి. ఉపాధి పనుల ప్రణాళికలో వీటిని గ్రామసభలోనే రాయించుకోవచ్చు.

విత్తన బంతులు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. జూలైలో ఒక జల్లుకు మొలిచిన గింజ తరువాతి మూడువారాల ఎండకు మాడిపోతుంది. పోనీ అక్టోబరుకు దాచి వేద్దామంటే, మీరు ఎక్కువగా ఏరుకొచ్చేది వేప గింజ. అది జూన్, జూలైలో రాలుతుంది, మొలిచే శక్తి రెండు మూడు వారాల్లో పోతుంది. అక్టోబరులో విసిరేది చచ్చిన గింజే. ఇక బంతి రాతి మీద పడితే వేరు దిగదు, మట్టి మీద పడితే చీమలు, ఎలుకలు తింటాయి. అదే గింజను చిన్న గునపంతో రెండంగుళాల లోతున, పొద నీడలో పాతితే మేలు. చింత, రేల, సండ్ర, కానుగ లాంటి నిలవుండే గింజలు దీనికి పనికొస్తాయి. రేల గింజకు పెంకు గట్టిది, గరుకు రాతి మీద కొద్దిగా అరగదీసి వేయాలి.

నాటక తప్పని ఖాళీలకు వెయ్యి కాదు, నూటయాభై మొక్కలతో మొదలుపెట్టండి. లెక్క ఇది: మొదటి వేసవిలో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పదిహేను రోజులకొకసారి పది లీటర్లు పోస్తే మొక్కకు వంద లీటర్లు. వెయ్యి మొక్కలకు లక్ష లీటర్లు కొండెక్కించాలి. నూటయాభైకి పదిహేను వేలు, అది పదిమంది చేయగల పని. మే నెలలో అడుగున్నర గుంతలు తీసి ఎండకు వదలండి. పై మట్టి విడిగా పెట్టి, గంపెడు చివికిన ఎరువు, చెదలకు రెండు గుప్పెళ్ళ వేపపిండి కలిపి అదే అడుగున వేయండి. అక్టోబరులో నేల జానెడు లోతు తడిసిన రెండు వానల తరువాత నాటండి. గిద్దలూరు, మార్కాపురం వైపు అయితే ఆగస్టు చివర, సెప్టెంబరు వానలకే నాటవచ్చు. ఏడాది దాటిన, రెండు మూడడుగుల మొక్క తీసుకోండి. సంచి చించి చూస్తే అడుగున వేరు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ చుట్ట కోసేయాలి. లేకుంటే మూడో ఏట గాలికి మొక్క మొదలంటా వాలుతుంది. దిగువ వైపు అర్ధచంద్రాకారంలో గట్టు, మొదలు చుట్టూ చదును రాళ్ళు పేర్చండి. రాయి కింద తడి నిలుస్తుంది.

చెట్లు ఆ కొండవే ఎంచుకోండి: చిరుమాను, బిల్లుడు, ఏపి, సోమి, తుమికి, దేవదారి, ఉసిరి, వాగు పక్కన నేరేడు, కానుగ. ఎర్రచందనం మీరే పెంచాలనుకుంటే కాయ రెక్కలు కత్తిరించి మూడు రోజులు పేడనీళ్ళలో నానబెట్టి మడిలో వేయండి. అయినా మొలకలు తక్కువే వస్తాయి, రెట్టింపు కాయ పెట్టుకోండి. ఆ వాలుకు జామాయిల్ వద్దు. అది చేనులో కట్టె పంటగా మంచిదే, కొండ మీద దాని పని లేదు.

మొదటి లెక్కకు తాడు, నాలుగు మేకులు, నోటుపుస్తకం చాలు. చదరాల మూలల్లో సున్నం పూసిన రాళ్ళు పాతి, ఒకే చోట నిలబడి ఫోటోలు తీసి ఉంచండి. మూడో ఏడాది డిసెంబరులో అవే చదరాలు మళ్ళీ లెక్కపెట్టాలి. ఇప్పటికి ఐదు చదరాల అంకెలు, నేల రిజర్వు ఫారెస్టో పోరంబోకో, ఊళ్ళో ఎన్ని మందలున్నాయో పంపండి. మొదట ఏ వాలు మూయాలో అవి చూసి చెబుతాను.